పైపు చుట్టూ నూట ఎనిమిది

ఏమోయ్ అల్లుడూ, ఫ్యాను కింద కాళ్ళు బారజాపుకుని పడుకుంది చాలు, లేచి కూర్చో. బల్బు మార్చమంటే ఇంటిల్లిపాదికీ అప్పగింతలు పెట్టి గానీ స్టూలెక్కని వీరుడివి. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు ఊడదీయాలంటే మీ ఆవిణ్ణి పిలిచి, నువ్వు వీధి గుమ్మంలో నిలబడి ధైర్యం చెప్పే మగాడివి. ఈ కథ నీలాంటివాళ్ళ కోసమే పుట్టింది. ఇందులో ఒక తెలివైనవాడూ ఒక వెర్రివాడూ ఉన్నారు. ఎవరు ఎవరో చివర్లో తేలుతుంది. మధ్యలో గుర్రు పెట్టావంటే మాత్రం ఆ రెండోవాడి ఖాతాలో నిన్నూ జమ కట్టేస్తారు, ఆపైన నీ ఇష్టం.

తెనాలి గంగానమ్మపేటలో సైకిల్ షాపు సుందరరామయ్యంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన ఏడో తరగతి దాకా వెళ్ళాడు. అక్కడ మూడేళ్ళు మకాం వేశాడు. చదువుకి తనమీద గౌరవం తగ్గుతోందని కనిపెట్టి, అది పూర్తిగా పోకముందే బయటికొచ్చేశాడు. ఆ తర్వాత ప్రపంచంలోని విద్యలన్నీ ఎవరూ నేర్పకుండానే ఆయనకి వచ్చేశాయి. వాటిలో మొదటిది మనుషుల్ని ఆటపట్టించడం. కొలకలూరు నుంచి సైకిలు మీద పాలు తెచ్చే వెంకటకృష్ణయ్యకి, "నీ ట్యూబులో వాడరేవు సముద్రపు గాలి కొట్టా, ఇక పంచరు కాదు" అని చెప్పి, వారం రోజులు రోజూ పొద్దున్నే టైరు దగ్గర ముక్కు పెట్టి ఉప్పువాసన వస్తోందో లేదో చూసుకునేట్టు చేసిన ఘనుడు.

రెండో విద్య కరెంటు. కరెంటు విషయంలో తనని మించినవాడు బోర్డులో కూడా లేడని ఆయన అభిప్రాయం. బోర్డువాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

కరెంటు పొదుపుకి ఆయన ఇంట్లో గట్టి పద్ధతులుండేవి. వంటింట్లో నలభై క్యాండిల్ బల్బు వెలిగితే, "పొయ్యిలో మంట ఉందిగా, దాని వెలుగు చాలదా?" అని ఆర్పించేవాడు. భార్య కనకలక్ష్మి కందిపప్పులో రాళ్ళు చేత్తో తడిమి ఏరుకునేది. అదే మూడు గదుల్లోనూ మూడు జీరో బల్బులు మాత్రం రాత్రీ పగలూ అఖండ దీపాల్లా వెలుగుతుండేవి. జీరో అన్నాక మీటరు తిరగదని ఆయన లెక్క. ఫ్యాను ఒకటో నెంబరు దాటడానికి వీల్లేదు. ఇల్లంతా చెమటలు కక్కుతుంటే, రెగ్యులేటరు డబ్బా మీద చెయ్యి పెట్టి చూసి, "ఎంత వేడెక్కిందో చూడు, పాపం, మనకోసం కరెంటుని ఎలా ఆపుతోందో" అని జాలిపడేవాడు.

ఇక ఫ్యూజు. అది ఊరికే కాలిపోతుండటం ఆయనకి నచ్చలేదు. పింగాణీ ముక్కలో వెంట్రుకంత తీగ పెడితే కాలక ఏం చేస్తుంది? అందుకని షాపులోంచి సైకిల్ బ్రేకు తీగ తెచ్చి, నాలుగు పోగులు కలిపి మెలేసి బిగించాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఫ్యూజు పోలేదు. పోవాల్సి వచ్చినా పోలేదు.

పెరట్లో బోరు మీద అర హార్సుపవరు మోటారు ఉండేది. దాన్నుంచి గోడవారనున్న ఇనప గొట్టం దాకా ఒక తీగ ఉండేది. మూడేళ్ళ కింద ఇంటికి వైరింగు చేసిన నబీ సాహెబు బిగించి వెళ్ళాడు. ఆ తీగకి స్విచ్చి లేదు, బల్బు లేదు, చేసే పని ఏంటో ఎవరికీ కనిపించలేదు. సుందరరామయ్య దాన్ని ఊడబీకి సొరపాదు పందిరికి కట్టాడు. కాయలు బ్రహ్మాండంగా కాశాయి. మోటారు మీదుండే చిన్న మూత కూడా షాపులో గ్రీజు పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయింది.

అది పంతొమ్మిది వందల ఎనభై ఏడు, ఏప్రిల్ నెల. కాలవలు కట్టేశారు. నేల నెర్రెలు విచ్చింది. కుళాయి రాదు కాబట్టి కనకలక్ష్మి రోజుకి రెండుసార్లు ఆ మోటారు దగ్గరికి వెళ్ళక తప్పదు.

"ఏవండీ, మోటారు ముట్టుకుంటే చురుక్కుమంటందండి" అంది ఒకరోజు.

"పెళ్ళై ఇరవై ఏళ్ళకి నీకు చురుకు పుట్టిందంటే సంతోషించాలి గానీ ఫిర్యాదేంటే?"

"నవ్వులాట కాదండి. నిన్న తడిచేత్తో పట్టుకుంటే మోచేతి దాకా లాగింది."

"చెప్పులేసుకుని ముట్టుకో."

"ఒకసారి నబీ సాహెబుని పిలిపిస్తే ఏం పోయిందండి?"

"వాడొస్తే ముందు వైరు పాతదంటాడు. తర్వాత మోటారు పాతదంటాడు. చివరాఖరికి నేను పాతబడ్డానంటాడు. ఈ ఇంట్లో కరెంటు సంగతి నేను చూసుకుంటా. ఆ మేస్త్రి ఈ గడప తొక్కాడంటే చెప్తున్నా, బజారంతా టముకేస్తా."

ఆ రోజు నుంచి కనకలక్ష్మి మోటారు దగ్గరికి వెళ్ళేముందు చీరచెంగుకి చేతులు రెండుసార్లు తుడుచుకునేది. ఈ కథలో నవ్వకూడని సంగతి ఇదొక్కటే, అల్లుడూ. కాస్త గుర్తుపెట్టుకో.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె తమ్ముడు వేంకటసుబ్రహ్మణ్యం రెండు వీధుల అవతల కొత్త ఇంట్లోకి దిగాడు. బాపట్లవాడు. రేపల్లెలో ఎనిమిదేళ్ళు తెలుగు పండితుడిగా చేసి తెనాలి హైస్కూలుకి బదిలీ అయ్యాడు. ఛందస్సులో పులి. స్విచ్చి దగ్గర పిల్లి. ఆ ఇంటికి వైరింగు చేసింది కూడా నబీ సాహెబే. వాకిట్లో లోతుగా గుంట తవ్వి, అందులో ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గులు, ఒక వరస కళ్ళుప్పు వేసి, పైన నాలుగు బిందెల నీళ్ళు పోశాడు. సుందరరామయ్య పక్కనే నిలబడి చూశాడు. మూడేళ్ళ కింద తన ఇంట్లోనూ ఇదే తంతు. ఎందుకని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోదూ? ఉప్పూ, బొగ్గూ, గుంటా చూసి ఆయన ఏనాడో తేల్చేసుకున్నాడు. మన మేస్త్రులు కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టినట్టే ఇది కరెంటు మేస్త్రులు తీసే దిష్టి.

నబీ సాహెబు సామాను సర్దుకుని వెళ్ళాక పండితుడు మెల్లగా అడిగాడు.

"బావగారూ, ఈ గొట్టం ఎందుకండి?"

సుందరరామయ్యకి ఒళ్ళంతా పులకరించింది. వేటగాడికి లేడి తనంతట తానే వచ్చి, బాణం ఎక్కడ వేస్తారండి అని అడిగినట్టైంది.

"ఏంటి బావా, ఇంత చదువుకుని ఇది తెలీదా? గుంటలో ఏం వేశాడు నబీ?"

"ఉప్పండి. బొగ్గులు."

"మనింట్లో పిల్లాడికి ఉప్పు ఎప్పుడు తిప్పుతాం?"

"దిష్టి తగిలితేనండి."

"మరి కరెంటుకి తగలదా? సాయంత్రం ఏడింటికి లైట్లన్నీ ఎర్రగా గుడ్డివైపోతాయి చూశావా? లోవోల్టేజీ అంటారు తెలీనివాళ్ళు. ఊరందరి కళ్ళూ పడి అట్టా అవుద్ది. నీదేమో కొత్త ఇల్లు, ట్యూబులైట్లు కూడా పెట్టించావు."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"రోజూ పొద్దున్నే స్నానం చేసి, తడిపంచెతో బిందెడు నీళ్ళు ఆ గొట్టం మొదట్లో పొయ్యాలి. మంగళవారం గుప్పెడు ఉప్పు. ఆ తర్వాత పదకొండు ప్రదక్షిణలు."

"ఎటు నుంచి ఎటండి?"

"మీటరు చక్రం ఎటు తిరిగితే అటు."

పండితుడు లోపలికి వెళ్ళి, మీటరు కింద నిలబడి, వేలు గాల్లో తిప్పి చూసుకుని వచ్చాడు. సుందరరామయ్య కండువా నోట్లో కుక్కుకున్నాడు.

మర్నాడు ఆరుగంటలకల్లా ఆయన ఆ ఇంటి ఎదురుగా ఉన్న సాంబశివరావు టీకొట్టు బెంచీ మీద ఉన్నాడు. సాంబశివరావు ఆయన చిన్ననాటి స్నేహితుడు. సంగతంతా విని గ్లాసు కడగడం ఆపేశాడు. ప్రహరీ పైనుంచి వాకిలి బాగా కనిపిస్తుంది. పండితుడు తడిపంచెతో బిందె పట్టుకుని వచ్చాడు. నీళ్ళు పోశాడు. చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, గొట్టం చుట్టూ బయల్దేరాడు.

"ఆ నడక చూడరా శివా. పెళ్ళిలో మా చెల్లెలితో ఏడడుగులు కూడా ఇంత శ్రద్ధగా వేసి ఉండడు" అన్నాడు సుందరరామయ్య.

సాంబశివరావు కడుపు పట్టుకుని బెంచీ మీద చతికిలబడ్డాడు.

మూడు రోజులు ఇలా గడిచింది. మూడోనాడు ఒంటిపూట బడి నుంచి వస్తున్న పండితుడు ఎందుకో మౌనంగా కనిపించాడు. ప్రదక్షిణలు మానేస్తాడేమోనని సుందరరామయ్య దిగులుపడ్డాడు. ఆ దిగులు అనవసరం. నాలుగో రోజు నుంచి పండితుడికి భక్తి ముదిరింది. పదకొండు కాస్తా ఇరవై ఒకటైంది. పైగా తనే టీకొట్టు దాకా వచ్చి అడిగాడు.

"బావగారూ, మధ్యలో లెక్క తప్పుతోందండి. మీరు ఇక్కడ కూర్చుని లెక్కపెడితే నిశ్చింతగా తిరుగుతాను."

"అంతకంటేనా? ఇంకో టీ పొయ్యరా శివా."

"ప్రదక్షిణలు అయ్యేదాకా మీరు లేవకూడదండి. మధ్యలో లేస్తే ఫలితం ఉండదేమో."

"నేను లెగిస్తే ఒట్టు."

ఆపైన ఒక ఆదివారం పండితుడు నూట ఎనిమిది చేస్తానన్నాడు. ఆ రోజు సుందరరామయ్య జీవితంలో పండగ. షాపు ఆలస్యంగా తీశాడు. వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకుంటూ, డెబ్భై దగ్గర పండితుడు తూలితే "ఆగొద్దు బావా" అని ఇటునుంచి ధైర్యం చెప్పాడు. గంటకి పైగా పట్టింది. సాంబశివరావు ఆ గంటలో మూడుసార్లు టీ పోసి, "కూర్చోరా, కూర్చో, ఇంకా ముప్ఫై ఉన్నాయి" అని ఎంతో ప్రేమగా కూర్చోబెట్టాడు. నవ్వీ నవ్వీ డొక్కలు నొప్పెట్టి సుందరరామయ్య ఇంటికొచ్చేసరికి కనకలక్ష్మి మోచేతుల దాకా మట్టి పూసుకుని ఉంది.

"ఏంటే ఈ అవతారం?"

"మొక్కలకి పాదులు చేశానండి."

"మీ తమ్ముడు పైపుకి పూజలు, నువ్వు మట్టికి పూజలు. ఏం వంశమే మీది. అది సరే, మోటారు చురుకు తగ్గిందా?"

"తగ్గిందండి. ఇప్పుడసలు లేదు."

"చూశావా. చెప్పులేసుకోమంటే వినవు. మేస్త్రిని పిలవాలంట, మేస్త్రిని."

కనకలక్ష్మి తలవంచుకుని చేతులు కడుక్కుంది. ఆమె భుజాలు కదిలాయి. తన మాటకి ఏడుస్తోందేమోనని ఆయన కాస్త జాలిపడ్డాడు కూడా.

మే నెల రెండో వారం. ఎండ నిప్పులు చెరుగుతోంది. పొద్దున్న ఎనిమిదింటికి మోటారు తిరుగుతోంది గానీ నీళ్ళు రావడం లేదు. గాలి పట్టేసింది. పైనున్న మర విప్పి చెంబుతో నీళ్ళు పోసి నింపాలి. సుందరరామయ్య పంచె ఎగగట్టి, అప్పుడే స్నానానికని తడిపిన ఒంటితో, చెప్పుల్లేకుండా మోటారు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"స్విచ్చి ఆపి పొయ్యండి" అంది కనకలక్ష్మి వసారాలోంచి.

"స్విచ్చి దాకా ఎవరెళ్తారు? ఈ మోటారు నేను చెప్పినట్టు వింటది."

ఎడం చెయ్యి మోటారు మీద ఆనించి, కుడిచేత్తో చెంబు వంచాడు. సగం నీళ్ళు మరలోకి పోయాయి. మిగతా సగం, మూత లేని చోట తీగలు బయటికి కనిపిస్తున్నాయే, అక్కడికి పోయాయి.

ఢామ్మని ఒక చప్పుడు. సుందరరామయ్య చెంబుతో సహా ఎగిరి సొరపాదులో పడ్డాడు. మోటారు ఆగిపోయింది. లోపల ఫ్యాను ఆగిపోయింది. మూడేళ్ళుగా కన్ను మూయని జీరో బల్బులు మూడూ ఆరిపోయాయి.

కనకలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. ఆయన్ని ముట్టుకోబోయి, ఆగి, ముందు వెనక్కి వెళ్ళి స్విచ్చి ఆపి, అప్పుడొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏమండీ, మాట్లాడండి."

ఆయన మాట్లాడాడు. చచ్చినా మాట్లాడే రకం.

"చూశావటే. నన్ను పట్టుకునే దమ్ము లేక అదే పారిపోయింది."

చెయ్యి ఒక్క రవ్వ జివ్వుమంది, అంతే. పడినందుకు నడుం పట్టేసింది, అంతే. కుంటుకుంటూ మీటరు దగ్గరికి వెళ్ళి ఫ్యూజు ఊడబెరికాడు. పింగాణీ నల్లగా మసిబారి ఉంది. అందులో తీగ కరిగిపోయి, రెండు చివర్లా ఆవగింజంత పూసలు మిగిలాయి. సన్నటి తీగ. వెంట్రుకంత తీగ.

సుందరరామయ్య దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"నేను పెట్టింది బ్రేకు తీగ. నాలుగు పోగులు. ఇదెవరు పెట్టారే?"

కనకలక్ష్మి వసారా మెట్టు మీద కూర్చుండిపోయింది.

"మీరు చెయ్యి పెట్టిన చోట రోజుకి రెండుసార్లు నా చెయ్యి ఉండేది" అంది.

చప్పుడు పక్కింటివాళ్ళకి వినిపించింది. వాళ్ళు పోయి చెప్పేసరికి పది నిమిషాల్లో పండితుడు వచ్చాడు. వస్తూ దారిలో నబీ సాహెబుని సైకిలు వెనక ఎక్కించుకొచ్చాడు. ఆ మేస్త్రి గడప తొక్కడం చూసి కూడా సుందరరామయ్య బజారులో టముకెయ్యలేదు.

నబీ సాహెబు నేరుగా పెరట్లోకి వెళ్ళి మోటారు చూశాడు. దాని కాలి దగ్గర మట్టి చేత్తో తోశాడు. కింద కొత్త ఇనప తీగ తళతళలాడింది. అది నేలలోంచి గోడవారన గొట్టం దాకా పోయింది. గొట్టం చుట్టూ నేల చల్లగా, తడిగా ఉంది. మిగతా పెరడంతా నెర్రెలు.

"బతికిపోయారన్నయ్యా" అన్నాడు.

"ఏంట్రా ఇదంతా?"

"ఏముందన్నయ్యా, కరెంటు లీకైతే దానికి పోవడానికి దారి కావాలి. ఈ తీగ, గొట్టం, తడినేల దాని దారి. ఉప్పూ బొగ్గూ తడి పట్టి ఉంచుతాయి. ఇవాళ కరెంటంతా ఈ దారిన ఒక్కసారి దూకింది. ఆ దూకుడికి సన్న ఫ్యూజు కరిగి ఆగిపోయింది. దారి లేదనుకోండి, మీలోంచి పోయేది. బ్రేకు తీగ ఉందనుకోండి, ఆగకుండా పోయేది."

"మరి దిష్టి?"

నబీ సాహెబు పండితుడి వంక చూశాడు. పండితుడు ఆకాశం వంక చూశాడు.

"మూడో రోజు స్కూల్లో సైన్సు మాస్టారు జ్ఞానానందం గారిని అడిగానండి" అన్నాడు పండితుడు, ఎంతో వినయంగా. "నీళ్ళు పొయ్యడం అక్షరాలా నిజమేనన్నారు. ఎండాకాలంలో రోజూ పొయ్యాలన్నారు. మంచి మాట చెప్పారండి మీ బావగారు అని మెచ్చుకున్నారు కూడా. ప్రదక్షిణలు మాత్రం పుస్తకంలో లేవన్నారు. ఆ సంగతి అక్కకి చెబుదామని మధ్యాహ్నం ఇక్కడికొచ్చాను. చూద్దును కదా, తీగ సొరపాదు పందిరికుంది. అక్కేమో మోటారు చురుక్కుమంటోందని చెప్పింది."

"చెప్తే నేను చెయ్యించనా?"

"నాలుగుసార్లు చెప్పానండి" అంది కనకలక్ష్మి మెట్టు మీంచి. "చెప్పులేసుకోమన్నారు."

సుందరరామయ్య కాసేపు సొరపందిరి వంక చూశాడు. ఆ తీగ ఇంకా అక్కడే ఉంది, ఒక లేతకాయని మోస్తోంది. ఆయనకి హఠాత్తుగా ఒక అనుమానం వచ్చింది.

"నబీ, గుంట తవ్వి, తీగ పూడ్చి, ఫ్యూజు మార్చి, ఇంత తతంగం నా ఇంట్లో ఎప్పుడు చేశావురా? నేను ఊళ్ళోనే ఉన్నాగా."

"ఊళ్ళోనే ఉన్నారన్నయ్యా. టీకొట్లో" అన్నాడు నబీ సాహెబు.

పండితుడు గొంతు సవరించుకున్నాడు.

"ఫ్యూజు మార్చడానికి ఇరవై ఒక్క ప్రదక్షిణలు సరిపోయాయండి. గుంట తవ్వి మళ్ళీ ఉప్పూ బొగ్గూ వెయ్యడానికి రెండు రోజుల ఇరవై ఒకట్లు పట్టాయి. నేల గట్టిగా ఉంది కదా, తీగ పూడ్చడానికి గంట కావాలన్నాడు నబీ. అందుకని ఆ ఆదివారం... నా మోకాళ్ళు ఇంకా పట్టేసే ఉన్నాయండి, బావగారూ."

సుందరరామయ్య తన వేళ్ళ కణుపులు చూసుకున్నాడు. నూట ఎనిమిదీ ఒక్కటి తప్పకుండా లెక్కపెట్టింది ఈ వేళ్ళే. ఆగొద్దు బావా అని ధైర్యం చెప్పింది ఈ నోరే.

"పోనీలే" అన్నాడు చివరికి, నడుం పట్టుకుని లేస్తూ. "మీరు ముగ్గురూ కలిసి ఏదో చేశారు. సాంబశివరావుకి మాత్రం ఇది చెప్పకండి. వాడొక్కడైనా నన్ను తెలివైనవాణ్ణనుకుంటున్నాడు. ఆ నెల రోజులూ నా పక్కన కూర్చుని పాపం నవ్వలేక చచ్చాడు."

కనకలక్ష్మి చెంబు అందుకుని, గొట్టం దగ్గర ఆ పూట నీళ్ళు పోసి వచ్చింది. నబీ సాహెబు కొత్త ఫ్యూజు తీగ కోసం సంచీలో చాలాసేపు వెతికాడు. పండితుడే నోరు విప్పాల్సి వచ్చింది.

"ఆయనకి నాలుగో రోజే చెప్పామండి. మీరు తొందరగా లేచేట్టుంటే ఇంకో టీ పొయ్యమని."